లెక్కల మాస్టారికి కప్పిన శాలువా

మా కోనసీమలో మర్యాదకి లోటు లేదు. తిట్టేటప్పుడు కూడా చివర ‘అండీ’ తగిలిస్తాం. ఒకప్పుడు అది నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే రోత పుడుతుంది. అందులో నా పాలు కూడా ఉంది కాబట్టి దాచకుండా చెప్తాను.

అప్పుడు కొత్తపేట మండలంలో ఒక హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఒకరోజు మధ్యాహ్న భోజనాలయ్యాక ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, కడిగిన కంచం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తండ్రి లేడు. తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. అమ్మమ్మే పెంచుతోంది.

“టీచర్ గారూ, నన్ను లెక్కల స్పెషల్ క్లాసు నుంచి తీసెయ్యమని చెప్పండి” అంది.

“ఏం, లెక్కలు రావట్లేదా?” అన్నాను.

“వత్తాయండి. మాస్టారు అందర్నీ పంపేసి నన్నొక్కదాన్నే ఉంచేత్తన్నారండి. చెయ్యి వేత్తన్నారండి. వద్దన్నా వింటంలేదండి.”

అది చెప్పడానికి ఆ పిల్ల ఎన్నాళ్లు తటపటాయించిందో తెలియదు. వెళ్లేముందు “ఇంట్లో చెప్తే అమ్మమ్మ నన్నే కొడతదండి, అందుకే మీకు చెప్పేను” అంది.

ఏం చెయ్యాలో నాకు తెలీక కాదు. ఇలాంటిది వింటే వెంటనే పోలీసులకో పిల్లల హెల్ప్‌లైన్‌కో చెప్పాలనీ, మనం విచారణలు పెట్టకూడదనీ, ఎవరి మీద మాట వచ్చిందో వాళ్ల చెవిన వెయ్యకూడదనీ మాకు ట్రైనింగులో చెప్పారు. విన్నాం, టీ తాగాం, వచ్చేశాం. నేను ఫోన్ తియ్యలేదు. తిన్నగా హెడ్మాస్టారి గదిలోకి వెళ్లాను.

“ఆయ్, కూర్చోండమ్మా” అన్నారాయన. అంతా విన్నారు. ఫ్యాను స్పీడు పెంచారు. “గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎందుకండి? టెన్త్ రిజల్టంతా ఆయన మీదే నడుస్తంది కదండి. రేపు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగేద్దాం. తేలిపోద్ది” అన్నారు.

మా వైపు ఏ తగువైనా తేల్చే పద్ధతి అదే. గట్టు జరిపారన్నా, పక్కవాళ్ల దొడ్లో పడిన కొబ్బరికాయలు ఎవరివన్నా, మొగుడూపెళ్లాలు కొట్టుకున్నా, ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి పెద్దమనిషి అడుగుతాడు. కొబ్బరికాయల తగువుకి పనికొచ్చే పద్ధతిని పదమూడేళ్ల పిల్ల మీద ప్రయోగించాం. అందులో తప్పేముందో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు హెడ్మాస్టారి గదిలో ఆయనా, స్కూలు కమిటీ చైర్మనూ, ఆడమనిషి ఒకరుండాలి కాబట్టి నేనూ కూర్చున్నాం. లెక్కల మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని నవ్వుతూ వచ్చాడు. ముందురోజు సాయంత్రమే హెడ్మాస్టారు ఫోన్ చేసి సంగతి చెప్పేశారట. మాస్టారు అప్పటికప్పుడు ఆ అమ్మమ్మ ఇంటికి వెళ్లి, పిల్లకి చదువు మీద ధ్యాస తప్పిందని చాడీ చెప్పి వచ్చాడట. కంచే చేను మేస్తోందని చెప్తే, మేం వెళ్లి కంచెకే కబురు పెట్టాం. పైగా హోటల్ నుంచి అందరికీ పెసరట్టు ఉప్మా తెప్పించారు.

పిల్లని ఆయనకి మూడడుగుల దూరంలో నిలబెట్టారు. పక్కన అమ్మమ్మ, తలొంచుకుని.

“భయపడకమ్మా. మాస్టారు తండ్రి లాంటోరు. ఏం చేసేరో ఆయన ముందే చెప్పు” అన్నాడు చైర్మన్.

ఆ పిల్ల ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. నేను పెసరట్టు ప్లేట్లు సర్దుతున్నాను. ఆ రెండు నిమిషాల్లో నేను ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో! అనలేదు.

“ఏం లేదండి” అంది.

“చూసేరా మరి! గురువుగారి మీద అంతేసి మాట అనొచ్చామ్మా? కాళ్లకి దణ్ణం పెట్టి తప్పయిపోయిందను” అన్నాడు చైర్మన్.

అమ్మమ్మ పిల్ల మెడ పట్టుకుని వంచింది. “తల్లి లేని చోట పెరుగుతన్న పిల్లండి, తెలీక అనేసిందండి, మనసులో పెట్టుకోకండి” అని ఆవిడా చేతులు జోడించింది. మాస్టారు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. “పర్లేదండి, చిన్నపిల్ల” అన్నాడు. ఆ చెయ్యి అక్కడ ఉండాల్సిన దానికన్నా ఎక్కువసేపు ఉంది. నేను చూశాను. చూస్తే మటుకు లేచానా? లేవలేదు. నా దస్తూరీ బాగుంటుందని కాగితం నా ముందుకే తోశారు. ‘అపార్థం వల్ల జరిగినది’ అని రాసి సంతకం పెట్టాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు. అందులో నా పిడికెడు చిన్నదేం కాదు.

ఆ మర్నాటి నుంచి పిల్ల బడికి రాలేదు. ఎందుకు రావడం లేదని ఎవరూ అడగలేదు, నాతో సహా.

ఊళ్లో గుసగుసలు మొదలయ్యేసరికి హెడ్మాస్టారు పైన మాట్లాడి, వర్క్ అడ్జస్ట్‌మెంట్ అనే తాత్కాలిక బదిలీ కింద మాస్టార్ని కాట్రేనికోన వైపు ఒక బడికి పంపించారు. “పాము చావకుండా కర్ర విరక్కుండా అయిపోయిందండి” అని సంబరపడ్డారు. పాము చావలేదన్న మాట నిజమే. వీడ్కోలు సభ పెట్టి, పూలదండ వేసి, శాలువా కప్పాం. సన్మాన పత్రం నేనే రాశాను. ‘విద్యార్థులను కన్నబిడ్డలవలె చూచుకొని’ అన్న ముక్క నాదే. మైకులో చదివింది కూడా నేనే. ఇప్పుడది గుర్తొస్తే నా నోరు నాకే కంపు కొడుతుంది.

నాలుగు నెలలకి ఆ కొత్త బడి నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసింది. ఎవరో తెలియదు. గొంతు తగ్గించి మాట్లాడింది.

“ఏమనుకోకండి మేడం గారూ. మీ దగ్గర్నుంచి వచ్చేరు కదండి లెక్కల మాస్టారు. ఆయన క్లాసున్న రోజు ఇక్కడో అమ్మాయి కడుపునొప్పని ఇంటికెళ్లిపోతందండి. అక్కడేమన్నా విన్నారాండి?”

“ఆయ్, విన్నానండి” అన్నాను. “విని, ఏమీ లేదని సంతకం పెట్టేను. ఎవర్నీ కూర్చోబెట్టకండి, ఎవర్నీ అడక్కండి. ఇప్పుడే పోలీసులకి చెప్పండి. నేనూ వెళ్తన్నాను.”

వెళ్లాను. రాసి ఇచ్చాను. హెడ్మాస్టారు నాతో మాట్లాడడం మానేశారు, అది నాకు పీడ వదిలినట్టే అయింది.

వారం లోపే మామూలు చీరలో ఒక పోలీసావిడ ఆ పిల్ల ఇంటికే వచ్చింది. దారి చూపించడానికి నేనూ వెళ్లాను. పిల్ల ఇంకా సన్నబడింది. అమ్మమ్మ నన్ను చూసి “రండమ్మా, కూకోండి” అని కుర్చీ తుడిచి వేసింది. కూర్చున్నాను. నేను పక్కనుంటే పిల్లకి ధైర్యంగా ఉంటుందని నిజంగానే అనుకున్నాను.

పోలీసావిడ చాప మీద కూర్చుని, తొందరేం లేదనీ, ఎవరు దగ్గరుంటే బాగుంటుందో పిల్లనే చెప్పమనీ అంది.

పిల్ల అమ్మమ్మ పక్కకి జరిగింది.

“అమ్మమ్మ ఉండొచ్చండి” అంది. “టీచర్ గారు వద్దండి. ఆవిణ్ణి బయటికి వెళ్లమనండి, అప్పుడు చెప్తాను.”

నేను లేచి, గుమ్మం దాటి చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేశాను.