జోయ్‌లె అంటే ముందు చెట్టు

మా పక్కింటి అంకుల్ మంగళవారం పొద్దున చనిపోయారు. హార్ట్ ఎటాక్. నేను స్కూల్లో లంచ్ తింటుంటే మమ్మీ మెసేజ్ పెట్టింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు భయమేసింది. గ్రేడ్ ట్వెల్వ్‌లో నేను కెమిస్ట్రీ డ్రాప్ చేసి జర్మన్ తీసుకున్నానని ఆయనొక్కరికే తెలుసు. నేను ఫార్మసీకి అప్లై చేస్తానని డాడీ అనుకుంటున్నారు.

అంకుల్‌ది గుంటూరు వైపు. ఒక్కరే ఉండేవారు. ఇక్కడ హామిల్టన్‌లో స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. అంతకుముందు జర్మనీలో ఆరేళ్ళు లేత్ మెషిన్ మీద పని చేశారట. ఆయన దగ్గర జర్మన్ నేర్చుకుంటూ, ఇంట్లో మాత్రం తెలుగు నేర్చుకోడానికి వెళ్తున్నానని చెప్పేదాన్ని. అది అబద్ధం అవకూడదని అంకుల్ రోజూ ముందు తెలుగు చర్చి పత్రికలోంచి ఒక పేజీ చదివించేవారు. ఇది తెలుగులో రాయగలుగుతున్నానంటే అందుకే.

ఒక జర్మన్ మాట తీసుకుని అదెక్కడ పుట్టిందో రాయమని స్కూల్లో చెప్పారు. నేను జోయ్‌లె తీసుకున్నా. స్తంభం అని అర్థం. గ్రీకు నుంచి వచ్చిందని రాసేశా. నెట్‌లో ఫొటోలన్నీ గ్రీకు గుళ్ళవే మరి.

"బొమ్మ చూసి మాటకి ఊరు పెట్టేశావా అమ్మడూ," అన్నారు అంకుల్, అట్టలూడిన డిక్షనరీ తీస్తూ. "పాత జర్మన్‌లో సూల్ అనేవాళ్ళు. వాళ్ళ సొంత మాటే. రాళ్ళు తర్వాతొచ్చాయి. ముందు చెట్టు నరికి, నిలబెట్టి, దానిమీద ఇల్లు కప్పారు. మన నిట్రాడు లాగా."

"నిట్రాడంటే?"

"పాక మధ్యలో పాతే గుంజ."

"గుంజంటే?"

"ఓరి దేవుడా. నీకు జర్మనే నయం."

చేత్తో పట్టించనిదే ఆయన ఏ మాటా నేర్పేవారు కాదు. ఆరోజు బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి, దూలం కింద ఉన్న చెక్క స్తంభం మీద నా చెయ్యి పెట్టించి, పదిసార్లు జోయ్‌లె అనిపించారు.

పైకొస్తూ అడిగా. "అంకుల్, డాడీకి చెప్పరు కదా?"

"చెప్పను. ఆయన అడిగితే అబద్ధమూ ఆడను. నువ్వే చెప్పుకో."

"భయమేస్తోంది."

"భయపడుతూనే చెప్పు. తగ్గేదాకా ఆగితే నీ పెళ్ళి నాటికి కూడా చెప్పవు."

ఆదివారం చర్చిలో అంకుల్‌ని తలుచుకునే ఆదరణ కూటానికి తలా ఒక పేజీ రాయమన్నారు. మీరందరూ చదివేముందు డాడీ చదవాలి కదా. ఇందాక ఇక్కడిదాకా రాసి ఇచ్చా. రెండుసార్లు చదివారు. జాకెట్ వేసుకుని బయటికెళ్ళారు. కిటికీలోంచి చూస్తున్నా. మా వాకిలి వదిలేసి, అంకుల్ మెట్ల మీది మంచు పారతో తీస్తున్నారు. ఒక్కో మెట్టూ, అంచులదాకా. ఆ ఇంట్లో ఎవరూ లేరు.