రాహేలమ్మగారి హస్తవాసి

చిత్తూరు మిషను ఆసుపత్రిలో దీర్ఘకాలం పురుళ్ళు పోసిన రాహేలమ్మగారు గడచిన ఆదివారం ప్రాతఃకాలాన ప్రభువునందు నిద్రించారు. ఆ దుర్వార్త తెచ్చిన కార్డు, నేను పనిచేసే శ్రీకాళహస్తి వైద్యశాలకు మంగళవారం గాని చేరలేదు. మూడే వాక్యాలు. చదివి, నమ్మలేక, మళ్ళీ చదివాను. నన్ను కన్నతల్లి నా పసితనంలోనే పోయింది. మాతృవియోగమంటే ఏమిటో ఈ వయసులో తెలిసింది.

ఆమె పొట్టి మనిషి. తెల్లని ముతక చీర, మోచేతుల దాకా రవిక. కడుపులో అడ్డం తిరిగిన బిడ్డను చేతితో సరిదిద్దడంలో ఆమెకు సాటి లేరని జిల్లా అంతటా ప్రతీతి. "రాహేలమ్మ చేతిలో దేవుడుండాడు" అని హిందువులూ ముసల్మానులూ కూడా అనేవారు. ఎవరైనా అలా పొగిడితే క్రైస్తవ స్త్రీ గనుక అదేమీ లేదంటారని నేను శిష్యురాలిగా చేరిన కొత్తలో ఎదురుచూశాను. ఆమె అనలేదు. ఉండబట్టలేక అడిగాను.

"బాగుండే చెయ్యిని బాగలేదంటే అబద్ధమే గదా సుగుణా" అన్నారు. "ఆయన ఇచ్చినాడు, వాడుకుంటా ఉండాను. ఇది నా సొంతం అనుకున్న పొద్దు చెడిపోతాను."

ఒకసారి మిషను పత్రికలో వేయడానికి ఆమె ఫోటో తీయాలని వచ్చారు. రాహేలమ్మగారు వార్డు ఊడ్చే కన్నమ్మ చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి పక్కన నిలబెట్టుకున్నారు. ఫోటో తీసే ఆయన మొహం చిట్లించాడు. "అయ్యా, ఈమె నేల సుబ్రంగా కడగకపోతే, నా చెయ్యి ఎంత మంచిదైనా తల్లులు జ్వరమొచ్చి పోయుందురు" అన్నారామె. ఆ ఫోటో అచ్చు కాలేదు. ఆమె ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇక నేను జీవితాంతం మరువలేని దినం ఒకటి ఉంది. యుద్ధం జరుగుతున్న రోజులు. చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దరైతు, నొప్పులు పడుతున్న కూతురిని ఎండలో తీసుకొచ్చాడు. బిడ్డ అడ్డంగా ఉంది. డాక్టరమ్మ మదరాసు వెళ్ళి ఉన్నారు. "తల్లీ, నీ చెయ్యి పడితే సాలని వచ్చినాము" అని ఆ తండ్రి రాహేలమ్మగారి ఎదుట రెండు చేతులూ జోడించాడు. వరండాలో పదిమంది బంధువులున్నారు.

రాహేలమ్మగారు తన కుడిచేతిని అందరికీ కనబడేట్టు ముందుకు చాచారు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. అంతవరకు నాకే తెలియదు.

"సూడు నాయనా. నెల్లాళ్ళుగా ఇట్లుండాది. ఇంక ఈ చేత్తో ఆ పని చెయ్యకూడదు. ఇదో, ఈ సుగుణమ్మ చెయ్యి ఇప్పుడు నా చేతికంటే మేలు. నా మాట నమ్ము."

"ఈ చిన్నదా?" అన్నాడతడు. ఆ గొంతులోని భయం నన్నూ పట్టుకుంది.

"నా సొంత కూతురైనా ఈమెకే అప్పజెప్పుదును" అన్నారామె.

నేను పని చేస్తున్నంతసేపూ ఆమె ఆ అమ్మాయి తల ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. నాకు ఒక్క సలహా అయినా ఇవ్వలేదు. తల్లీ బిడ్డా దక్కారు. బయటికి వచ్చి నేను వెక్కివెక్కి ఏడుస్తూ, "ఒక్క మాటన్నా చెప్పకపోతిరే!" అంటే, "అవసరం పడలేదు. పడుంటే చెప్పనా?" అని తన కొంగుతో నా మొహం తుడిచారు.

ఆనాటితో ఆమె కీర్తి అస్తమించింది. "ముసలామె చెయ్యి పోయింది" అని ఊరు చెప్పుకొంది. వార్డు బాధ్యత నాకిచ్చారు. ఆమె ఇంట్లో కూర్చోలేదు. అడిగి మరీ వార్డులో నీళ్ళు కాచే పని, రక్తపు గుడ్డలు ఉతికే పని తీసుకున్నారు. పదిమందిలో నన్ను "సిస్టర్" అని పిలిచేవారు.

నాకు పొగరెక్కిందని ఒప్పుకోక తప్పదు. ఒకనాడు కొత్త నర్సుల ఎదుట, "నీళ్ళు సల్లారిపోయినాయి, ఇంతసేపు ఏం చేస్తా ఉండారు?" అని ఆమెను కసిరాను. "తప్పు నాదే సిస్టర్" అని గిన్నె తీసుకొని వెళ్ళిపోయారు. సాయంకాలం సిగ్గుతో ఆమె గదికి వెళ్ళాను. రేషను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. క్షమించమన్నాను.

"దేనికి మే? నీళ్ళు సల్లారిండేది నిజమే గదా. నిజం చెప్పినదానికి క్షమాపణ ఏమిటికి?" అన్నారు. కాసేపు బియ్యం ఏరి, నెమ్మదిగా, "అయితే సుగుణా, కసిరేటప్పుడు నీ చెయ్యి బిగుసుకున్నాది. బిగుసుకున్న చేత్తో బిడ్డను ముట్టుకోవద్దు" అన్నారు.

తరువాత నన్ను కాళహస్తికి పంపారు. ఏటా క్రిస్మసుకు వెళ్ళి చూసేదాన్ని. ఈసారి కార్డు అందగానే బయలుదేరినా, బొగ్గుతో నడిచే బస్సు దారిలో రెండుసార్లు ఆగిపోయి, బుధవారం మధ్యాహ్నానికి గాని చిత్తూరు చేరలేదు. భూస్థాపన ముందే అయిపోయింది. పచ్చిమట్టి దిబ్బ మీద ఒక నిండుచూలాలు కనకాంబరాల దండ పెడుతోంది. పల్లెటూరి మనిషి.

"ఈమె నీకేమవుతాదమ్మా?" అన్నాను.

"ఏమీ కాదు. ఆసుపత్రిలో గుడ్డలుతికే అవ్వ గదా! నాకు మొదటి బిడ్డ పోయినాది. ఏడస్తా కూర్చోనుంటే పక్కన కూర్చునింది. ఈసారి కాళహస్తికి పో, ఆడ సుగుణమ్మని ఉండాది, ఆమె చెయ్యి శానా మంచిది అని చెప్పింది. పాపం అవ్వకు పురుళ్ళ సంగతి ఏం తెలుస్తాదో గానీ, నాకెందుకో నమ్మకం కుదిరింది. ఆ సుగుణమ్మను నువ్వు ఎరుగుదువా?"

"నేనే తల్లీ" అన్నాను. "నాకు ఈ పని నేర్పింది ఈ అవ్వే. ఈ జిల్లాలో ఆమె చెయ్యిలాంటి చెయ్యి ఇంకొకటి లేదు."

ఆమె మట్టి వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "అయ్యో, ఒక్కనాడైనా చెప్పలేదే!" అంది.

అటువంటి మహనీయురాలిని ఇక ఎక్కడ చూడగలం? ఆమె స్థానం భర్తీ చేయడం నావల్ల గాని మరొకరివల్ల గాని అయ్యే పని కాదు. ఆ పాదాలకు మనసులోనే మ్రొక్కి, ఆ పిల్లను సమాధి పక్కన నీడలో కూర్చోబెట్టి, ఎన్నో నెల అని అడిగాను. నా గురువు నా దగ్గరికి పంపిన కడపటి మనిషి ఆమె.