రుసూహి బే శనగల సైన్యాలు

లోకంలో ఏ రెండు దేశాలు సంతకాలు చేసుకున్నా రుసూహి బేకి వేయించిన శనగలు కావాలి. టర్కీ సరిహద్దున ఎదిర్నే ఊళ్ళో, నజ్మీ కాఫీ హోటల్లో, కిటికీ పక్క బల్ల ఆయన యుద్ధరంగం. ఈ గుప్పెడు జర్మన్లు, ఆ గుప్పెడు ఇంగ్లీషువాళ్ళు, మధ్య చెంచా మెరిచ్ నది. ఆయన రిటైరైన మేజరు కాబట్టి నజ్మీ కాదనలేడు.

1941 మార్చిలో జర్మన్లు బల్గేరియాలో దిగారు. సరిహద్దు కూతవేటు దూరం. ఊరంతా మూటలు కట్టడంతో బజార్లో తాడు కరువైంది. నజ్మీ చేతిలో కాఫీ రోజూ పొంగిపోతోంది. భార్య మెలాహత్‌కి నెలలు నిండుతున్నాయి.

"బండి మాట్లాడేశాను మేజరు గారూ. రేపే ఇస్తాంబుల్ ప్రయాణం."

"కూర్చో. ఇంగ్లీషువాళ్ళతో మనకి పొత్తుందా లేదా?"

"ఉందంటారు."

"జర్మనీ మన గడప తొక్కితే ఆ పొత్తు నిద్రలేస్తుంది. ఇంగ్లీషు విమానాలు మన నేల మీంచి లేచి రుమేనియా చమురు బావుల మీద పడతాయి. చమురు లేకపోతే వాడి ట్యాంకు కదలదు. మనం తటస్థంగా ఉంటేనే వాడికి లాభం. అంచేత ఇటు రాడు, గ్రీసు మీదికి పోతాడు."

"గ్రీసు ఏదండీ?"

"ఇందాకటి దాకా ఇక్కడే ఉంది. దర్జీ తినేశాడు."

దర్జీ వెహ్బీ నమలడం ఆపాడు. నజ్మీ బండి మానుకున్నాడు. అలా రోజుకి నాలుగైదు కుటుంబాలు మూటలు విప్పుకున్నాయి.

ఓ రోజు మేజరు రాలేదు. నజ్మీ కాఫీ పట్టుకుని ఇంటికెళితే, గుమ్మంలో కట్టి పెట్టిన రెండు ట్రంకుపెట్టెలు.

"అందర్నీ ఉండమని మీరు పారిపోతున్నారా?"

"మెల్లగా మాట్లాడు. వాళ్ళొస్తారో రారో నాకేం తెలుసు? ముప్పై ఏళ్ళూ నేను కాపలా కాసింది బూట్ల గోదాము."

"మరి ఆ ఎత్తుగడలు?"

"పేపర్లో చదివి అతికించినవి. 1912లో, బాల్కన్ యుద్ధంలో ఊరు ఇలాగే భయపడి చలిలో బయల్దేరింది. గుండు తగలకుండానే దారిలో రాలిపోయారు జనం. మా అమ్మ కూడా. నిండు గర్భిణిని గతుకుల బండిలో ఎక్కిస్తానంటే ఏం చెప్పను?"

"మరి పెట్టెలు?"

"మెలాహత్‌కి. గొంగళ్ళు, బిడ్డ బట్టలు. నిజంగా వాళ్ళొస్తే రైల్లో ఆమెకి చోటివ్వమని స్టేషన్‌మాస్టర్ కాళ్ళావేళ్ళా పడ్డాను."

ఏప్రిల్లో జర్మన్లు గ్రీసు మీద పడ్డారు. అదే వారం మెలాహత్ ఇంట్లోనే ఆడపిల్లని కంది. జూన్‌లో, జర్మనీతో మన స్నేహ ఒప్పందం కుదిరిందని రేడియో చెప్పింది. హోటలంతా లేచి రుసూహి బేకి సెల్యూట్ కొట్టింది.

అందరికన్నా ఆశ్చర్యపోయింది ఆయనే.

"నిజంగానా?" అని నజ్మీ చెవిలో అడిగాడు.