వై తో ఎమ్మిగనూరా, ఈ తో ఎమ్మిగనూరా?

ఈ రోజు మధ్యాహ్నం మా వెబ్‌సైటు అడ్రసు ఫోన్‌లో చెప్పలేక చెమటలు పట్టాయి. ఎమ్మిగనూరులో మా చిన్నాన్న నేసే దుప్పట్ల కోసం నేనే పెట్టిన సైటు అది. అడ్రసులో ఎన్ని మాటలుంటే గూగుల్‌లో అంత పైన వస్తుందని ఎవరో అంటే నమ్మి, ఊరు, చేనేత, మగ్గం, నూలు, దుప్పట్లు అన్నీ అడ్డగీతలతో కలిపేశాను. సైటు పైకి వచ్చిందీ లేదు.

ఆదోని నుంచి బట్టల షాపాయన ఫోన్ చేశారు. ఆయనది బటన్ ఫోను, వాట్సాప్‌లో లింకు పంపే దారి లేదు. నేను ఒక్కో అక్షరం చెబుతుంటే షాపు కంప్యూటర్‌లో కొట్టారు. నాలుగోసారి కూడా తెరుచుకోలేదు.

"ఇంగ్లీషులో ఊరి పేరు వై తో మొదలుపెట్టండన్నా," అన్నాను.

"యాడిది వై? నేనూ ఈడోన్నే, ఈ తోనే రాస్తాం. ఇంకొకరి దుప్పటి నా బల్ల మీదే ఉండాది. సాయంత్రం లోపల మీది సూడకుంటే దానికే ఆర్డరు ఇచ్చేస్తా."

చిన్నాన్న మగ్గం గుంతలోంచి లేచి ఫోన్ లాక్కున్నాడు. "కంప్యూటర్ మూసెయ్ అన్నా. దుప్పటి తీసుకొని నేనే వస్తాండా."

బస్సుకు పోతూ నావైపు తిరిగి, "పడుగు పొడుగుంటే దుప్పటి అయితాది. పేరు పొడుగుంటే ఏమైతాదప్పా?" అన్నాడు.

ఆర్డరు తీసుకునే తిరిగొచ్చాడు. నేను కొత్త అడ్రసుకు ఒక్క మాట వెతుకుతున్నాను. ఊరి పేరు మీరెలా రాస్తారో కాస్త చెప్పండి. ఎందుకంటే చిన్నాన్న దుప్పటి పెట్టుకెళ్లిన మా సొంత సంచి మీద అది ఈ తోనే అచ్చయి ఉంది.