చెమ్మ పీల్చిన పొర

రేపల్లెలో ఉండే నస్రీన్ నాలుగేళ్లుగా ఒక పల్చటి పొర కోసం తంటాలు పడుతోంది. రోజూ తెనాలిలో రైలు మారి బాపట్లలోని కాలేజీ ల్యాబుకి వెళ్లేది. రంగు అద్దిన సోలార్ సెల్లులో కరెంటు పారడానికి పోసే ద్రావణం కారిపోతుంది, లేదా ఆవిరైపోతుంది. దాని బదులు ప్లాస్టిక్ లాంటి గట్టి పొర పెట్టాలన్నదే ఆమె పరిశోధన.

2007 వానాకాలంలో ఒక పొర కుదిరింది. మొదటిరోజు మీటరు కరెంటు బాగానే చూపించింది. మూడోరోజుకి చెమ్మ పీల్చి బెల్లంపాకంలా సాగింది. ఏడోరోజు దాకా రీడింగు పడిపోతూనే వచ్చింది.

"ఏంటమ్మా, మళ్లీ అంతేనా?" అన్నాడు అటెండరు రాఘవయ్య.

"గట్టిగా ఉంటే కరెంటు రాదు, మెత్తబడితే నిలబడదు. విసుగొచ్చేస్తోంది బాబాయ్!"

గైడు శశిధర్ మాత్రం తేలిగ్గా తీసుకున్నారు. "మొదటిరోజు రీడింగు ఒక్కటే రాసేయమ్మా. ఎవరడుగుతారు?"

"అది నమ్మి ఇంకొకరు మొదలుపెడితే, వాళ్లకీ నాలుగేళ్లు పోతాయండి," అంది నస్రీన్.

ఆయన ముఖం ముడుచుకున్నారు. థీసిస్ మీద ఆయన సంతకం ఏడాది ఆలస్యమైంది. ఆ ఏడాదంతా ఆమె, ఆయన మాట వినుంటే పోయేదని తనను తాను తిట్టుకుంటూనే రైలెక్కింది. చివరికి థీసిస్‌లో ఏడు రోజుల రీడింగులూ, పడిపోయినవి పడిపోయినట్టే, అచ్చయ్యాయి.