మా అంబాసిడర్‌కు డిస్క్ బ్రేకులు

మా ఆవిడ సంవత్సరీకం దగ్గరపడుతుంటే మావాళ్లంతా ఒకటే పాట. కారు అమ్మెయ్. భార్య పోయి, బొగ్గు బావి నుంచి రిటైరై, ఒంటరిగా ఉండేవాడికి పాత అంబాసిడర్ ఎందుకట. నాకు ముక్కు మీద కోపం. ఏరు దాటాక తెప్ప తగలెయ్యమంటారా అని కసిరాను. కసిరానే గానీ వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఆమె పక్కన లేకుండా ఆ కారు నడపడం నాకు చేతకాదు.

ప్రేమ సంగతి కాదు, బ్రేకుల సంగతి చెబుతున్నాను. పాత డ్రమ్ బ్రేకులు. పెడల్ ఒకసారి తొక్కితే దున్నపోతు మీద వాన కురిసినట్టే. మళ్లీ మళ్లీ తొక్కితే తప్ప ఆగదు. హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంది. అందుకే ఎత్తు మీద ఆపితే ఆమె గబగబా దిగి వెనక చక్రం కింద చెక్క పెట్టేది. ఆ పని నేను నేర్పిందే. బావిలో బొగ్గు టబ్బులు జారిపోకుండా చక్రానికి కట్టె ముక్క అడ్డం పెడతాం. ఆ అలవాటు కారుకూ తెచ్చాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని, చెక్క సరిగ్గా పడిందో లేదో చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడేది.

"నీ కారుకు బ్రేకు నేనే గదనయ్యా" అనేది. చూసేవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె మాత్రం నవ్వేది కాదు.

సంవత్సరీకం భద్రాచలంలో, గోదావరి ఒడ్డున. దానికి ఈ కారులోనే పోవాలని నా పంతం. ఒక్కడినే నడుపుకుంటూ పోగలిగితే కారు ఉంటుంది. పోలేకపోతే అమ్మేస్తాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అనడానికి ఇంట్లో ఎవరున్నారు?

కొత్తగూడెంలో నాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాను. అతను కారు కింద దూరి చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"కాకా, ముందర రెండు చక్రాలకు డిస్కులు ఏద్దాం. ఎనకాల డ్రమ్ములే ఉండనీ. పెడల్‌కు బూస్టర్ పెడ్త, జర తొక్కితె సాలు. హ్యాండ్ బ్రేకు కేబుల్ గిట మారుస్త. ఇగ సూడు."

పాత డ్రమ్ములు విప్పుతుంటే మసి రాలింది. వేరే కారు సామాను మా కారుకు అతకడం అంత తేలిక కాదు. డిస్కులు కూర్చున్నాయి గానీ, చక్రం బిగించి తిప్పితే లోపల గీసుకుంది. వేరే రిమ్ములు వెతికి తెచ్చేదాకా కారు రాళ్ల మీదే ఉంది. నేను రోజూ పోయి షెడ్డులో స్టూలు మీద కూర్చునేవాణ్ణి. పని చూడటానికని అతనికి చెప్పాను. ఇంట్లో ఫ్యాను చప్పుడు వినలేక వస్తున్నానని చెప్పలేదు.

చివర్లో పైపుల్లోంచి గాలి తియ్యాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి గాలి వదలాలి. నన్ను కూర్చోమన్నాడు.

"తొక్కు కాకా. ఇంకోసారి. పట్టుకో, ఇడువకు. ఆ, ఇగ ఇడువు."

ఏడాదిగా ఇది చెయ్యి, అది చెయ్యకు అని నాతో అన్నవాళ్లు లేరు. తినమన్నవాళ్లు లేరు, తిన్నావా అన్నవాళ్లూ లేరు. అంత కోపిష్టివాణ్ణి, కింద నుంచి ఎవరో ఆర్డరేస్తుంటే బడిపిల్లాడిలా తొక్కాను, పట్టుకున్నాను, వదిలాను. హాయిగా ఉంది. సిగ్గెందుకు, ఆ పైపుల్లో ఇంకా గాలి ఉంటే బాగుండనుకున్నాను.

"అయిపాయె కాకా, గాలంత పోయింది."

"మళ్లీ ఒకసారి సూడరాదు?"

"ఎందుకు, పెడల్ గట్టిగనే ఉంది గద."

ఎత్తు మీదికి పోనిచ్చి ఆపించాడు. కారు కదల్లేదు. "ఇగ ఎవ్వలు దిగే పని లేదు" అన్నాడు సంతోషంగా. పాపం, మంచి మాటే అన్నాడు. నేను కారు షెడ్డు వైపు తిప్పాను. దిగేటప్పుడు ఇంకో మాట చెప్పాడు. "పాత లెక్క దబదబ తొక్కకు. ఒక్కసారి, మెల్లగ."

సంవత్సరీకం నాడు పొద్దున్నే బయలుదేరాను. పూజ సామాను సంచి ముందు సీట్లో పెట్టబుద్ధి కాక వెనక పెట్టాను. పాల్వంచ దాటి, బూర్గంపాడు వైపు అడవి మొదలయ్యాక కాస్త ధైర్యం వచ్చింది. బాగానే నడుపుతున్నాననుకున్నాను. అప్పుడే చెట్లలోంచి ఆవుల మంద రోడ్డు మీదికి వచ్చింది.

మెకానిక్ మాట ఎక్కడ గుర్తుంటుంది? కాలు పాత కాలే. ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. ఇంకోసారి తొక్కే అవసరం రాలేదు. కారు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. సంచి వెనక సీటు మీంచి కింద పడింది. ముందున్న ఆవు నన్నోసారి చూసి, తన దారిన తాను పోయింది.

మంద వెనక వచ్చిన ఆవుల కాపరి కర్ర ఊపింది. "ఏంది పెద్దాయనా, బయపడ్డవా? అన్ని దాటినయ్, పో."

"అవ్" అన్నాను గానీ వెంటనే పోలేకపోయాను. స్టీరింగు మీద ఉన్నది నా కుడి చెయ్యి ఒక్కటే. ఎడమ చెయ్యి పక్క సీటుకు అడ్డంగా చాచి ఉంది, మా ఆవిడ ముందుకు తూలి పడకుండా. వేళ్లు కూడా విప్పి ఉన్నాయి. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు. ఆ కాపరి మందతో పాటు దాటిపోయేదాకా ఏడుపు ఆపుకున్నాను, తర్వాత ఆపుకోలేదు.

కారు అమ్మను. ఒక్కడినే నడపగలను, ఆ రోజు గోదావరి దాకా నడిపాను కూడా. ఆ సీటు ఖాళీ అని నాకు ఏడాదిగా తెలుసు. నా చేతికే ఎవరూ చెప్పలేదు.