యాకూబ్ ఫుల్

హాలియా డ్రైవర్లు మైలేజీ అనరు, యావరేజ్ అంటారు. "నీ బండి ఎంత యావరేజ్ ఇస్తున్నది?" అన్న ప్రశ్న పైకి బండి గురించే అనిపిస్తుంది. నిజానికి అడిగేది మనిషి గురించి. ఒకే బండి ఒకడి చేతిలో పద్నాలుగిస్తే ఇంకొకడి చేతిలో పన్నెండే ఇస్తుంది. ఊరికే బ్రేకులు తొక్కేవాడెవడో, పిచ్చిగా ఉరికించేవాడెవడో, గప్‌చుప్‌గా పెట్రోలు పిండుకొని అమ్ముకునేవాడెవడో ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది. ఆ అంకెలో యాకూబ్‌ను మించినవాడు సాగర్ ఎడమ కాలువ పొడుగునా లేడని కార్ల స్టాండులో అందరూ ఒప్పుకునేవాళ్లు. ఒప్పుకోని ఒకరిద్దరు కూడా ఆయన జనాజాకు భుజం పట్టడానికి ముందు వరసలోకి తోసుకొచ్చారు. ఆయన పోయి రెండు వానాకాలాలు దాటాయి.

పొట్టి మనిషి. సీటు మీద దిండు వేసుకుంటే తప్ప రోడ్డు కనిపించేది కాదు. తెల్ల చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, ఎడమ చేతి వేలికి ఫిరోజా రాయి ఉంగరం పెట్టుకొని, పెళ్లికొడుకు గుర్రమెక్కినట్టు బండెక్కేవాడు. అంబాసిడర్‌తో మొదలుపెట్టి జీపులు, సుమోలు, ఇండికాలు అన్నీ నడిపాడు. ఏ బండి నడిపినా ఆయన పని తీరు ఒకటే. ట్యాంకు నింపేటప్పుడు పక్కన నిలబడి, బండిని రెండు చేతులా పట్టుకొని ఊపేవాడు. లోపలి గాలి గుడగుడమని బయటికొచ్చి, ఆ జాగాలో ఇంకొంత పెట్రోలు పట్టేది. మూత దగ్గర కంటికి కనిపించేదాకా పోయించేవాడు. మళ్లీ నింపేటప్పుడూ అంతే. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే యావరేజ్ వచ్చేస్తుంది. మీటరు ముల్లును ఆయన ఏనాడూ నమ్మలేదు.

"ముల్లుకేం ఎరుక? కడుపు నిండిందో లేదో తిన్నోనికి ఎరుక" అనేవాడు.

రైస్ మిల్లు పరశురాములు హైబ్రిడ్ కారు కొన్నప్పుడు, దాన్ని నడపడానికి వేరే పేరు ఆలోచించలేదు. ఆ కారు సగం పెట్రోలుతో, సగం కరెంటుతో నడుస్తుంది. ఆగితే ఇంజను దానంతటదే పడుకుంటుంది. మొదటిరోజు మిల్లు గేటు దగ్గర చప్పుడు ఆగిపోగానే, బండి చెడిందనుకొని యాకూబ్ దిగి బానెట్ తెరిచాడు. హమాలీలు పడీ పడీ నవ్వారు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. దీనికి బుద్ధెక్కువ. మీ లెక్క పని లేనప్పుడు లొల్లి చెయ్యదు" అన్నాడు యాకూబ్. వారం తిరిగేసరికి బండి ఆయన చేతికి పూర్తిగా అలవాటైంది. పల్లం రాగానే కాలు తీసేసి, బ్రేకు మెల్లగా అదిమి, బ్యాటరీలోకి కరెంటు మళ్లించేవాడు. గేదె దగ్గర పాలు పిండినంత ఓపికగా ఉండేది ఆ పని.

చిక్కు ఎదురుగా ఉన్న తెర దగ్గర వచ్చింది. స్టీరింగ్ వెనక వెలిగే ఆ చిన్న తెర మీద యావరేజ్ దానంతటదే లెక్క కట్టుకొని కనిపిస్తుంది. పరశురాములుకు అది చూడడం సరదా. ఇరవై ఆరు అని కనబడ్డప్పుడల్లా ఫోనులో ఫోటో తీసి చుట్టాలకు పంపేవాడు.

ఒకనాడు మిల్లు లెక్కలు రాసే నరేష్, నెలల తరబడి కుట్టి పెట్టిన పెట్రోలు బిల్లులు ముందేసుకొని కూర్చున్నాడు. కుర్రాడు మంచివాడే. ధాన్యంలో తరుగు లెక్క కట్టీ కట్టీ, ఎక్కడ తేడా కనిపించినా అడగడం అలవాటైంది.

"చిచ్చా, తప్పుగ అనుకోకు. తెర మీద ఇరవై ఆరున్నది. బిల్లులు చూస్తే ఇరవై రెండున్నర కూడ సక్కగ వస్తలేదు. నడుమ పెట్రోలు యాడికి పోతాంది?"

తూకం దగ్గరున్న హమాలీలు తలలు తిప్పారు. వాళ్లలో గుర్వయ్య అనే ఆయనకు నోరు ఆగదు. "ఏముంది, ఎండకు ఆవిరైతాంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి యాకూబ్ నవ్వలేదు.

పరశురాములు కూడా తమాషాకే అన్నాడు: "అయితే కంప్యూటరన్న తప్పు చెప్పాలె, లేకుంటే యాకూబ్ భాయన్న తప్పు చెప్పాలె."

తమాషానే. కానీ దొంగ అన్న మాటను నోటితో అననక్కర లేదు, గాలిలో వదిలితే చాలు, సాయంత్రానికి స్టాండు చేరుతుంది. మరునాటికి హుజూర్‌నగర్ స్టాండులోనూ దిగుతుంది. ఇన్నేళ్లలో ఎన్ని బండ్లు మార్చినా ఏ ఓనరు దగ్గరా ఆయన మీద అలాంటి మాట పడలేదు. ఆయనకు ఆస్తి ఏదన్నా ఉందంటే ఆ పేరే.

"సేటూ, భాగ్యలక్ష్మమ్మ గుట్టకు మొక్కున్నదన్నది గద. నువ్వు గూడ ఎక్కు. పొద్దున నీ కండ్ల ముంగట ట్యాంకు ఫుల్ చేద్దాం. పోయొచ్చినంక మల్ల ఫుల్ చేద్దాం. ఎంత తాగిందో అదే చెప్తది. నా తప్పుంటే తాళం చెవి నీ చేతుల పెట్టి పోత" అన్నాడు యాకూబ్.

యాదగిరిగుట్టకు పోయి రావడం అంటే రెండు వందల యాభై కిలోమీటర్ల మాట. పొద్దున్నే హాలియా బంకు దగ్గర ఆగారు. నరేష్ కూడా సాక్షిగా ఎక్కాడు. పెట్రోలు పోస్తుండగా పరశురాములు భార్య భాగ్యలక్ష్మి తొందరపెట్టింది.

"యాకూబన్నా, జర జల్ది. అభిషేకం టైము దాటిపోతది. మీ లెక్కల కోసం నరసింహస్వామి ఆగుతడా?"

ట్యాంకు నిండగానే పైపు దానంతటదే టక్కున ఆగింది. యాకూబ్ మూత బిగించి బండెక్కాడు.

ఆ రోజు ఆయన నడిపిన తీరు గురించి నరేష్ ఇప్పటికీ చెబుతాడు. నల్లగొండ దాటాక లారీల వెనక ఓపికగా పోవడం, చిట్యాల దగ్గర రద్దీలో ఇంజను లేవకుండానే చప్పుడు లేకుండా జారుకుంటూ ముందుకెళ్లడం. గుట్ట మీద దర్శనమైంది, పులిహోర ప్రసాదమైంది. పరశురాములు దారి పొడుగునా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. తిరిగి హాలియా చేరేసరికి అక్కడ ఇరవై అయిదున్నర ఉంది.

బంకులో పైపు టక్కుమంది. "నిండ పోయించు భాయ్, మల్ల అనుమానం ఉండొద్దు" అన్నాడు పరశురాములు. యాకూబ్ చేతులు వాటంతటవే బండిని పట్టుకున్నాయి. అంబాసిడర్ నాటి అలవాటు. ఊపాడు, గుడగుడమంది, పోశారు. మళ్లీ ఊపాడు, మళ్లీ పోశారు. పెట్రోలు కంటికి కనిపించింది.

మొత్తం పదమూడు లీటర్లు పట్టింది. నరేష్ ఫోనులో భాగహారం చేసి తలెత్తాడు.

"సేటూ... పంతొమ్మిదే వచ్చింది! తెర ఆరు ఎక్కువ చెప్తాంది!"

"చూసినవా!" పరశురాములు యాకూబ్ వీపు మీద చరిచాడు. "ఉత్త గప్పాల పెట్టె! భాయ్, నువ్వు బిల్లులల్ల ఇరవై రెండున్నర రప్పిచ్చినవంటే అదే గొప్ప." బంకులో ఉన్న డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. గుర్వయ్యకు ఎవరో ఫోను చేసి మరీ చెప్పారు.

యాకూబ్ చాయ్ తాగి ఇంటికొచ్చాడు. గెలిచిన మనిషి నడిచే నడక కాదది.

ఇంట్లో భార్య అన్వరీ బేగం అన్నం పెట్టింది. "సబా ఫోన్ జేసింది. నల్లగొండ దాక తెల్సిందంట నీ ముచ్చట. మరి గా మొఖమేంది?" అంది. సబా వాళ్ల కూతురు, నల్లగొండ దవాఖానలో నర్సు.

"ఏమో. పంతొమ్మిది నా చెయ్యి కాదనిపిస్తాంది" అన్నాడు యాకూబ్. ఇంత బుద్ధి గల బండి ఏనాడూ ఆయన చేతిలో అంత తక్కువ ఇవ్వలేదు.

అప్పుడే పక్కింటి సైదమ్మ కొలత మానికలో కుప్పగా బియ్యం పోసుకొని వచ్చింది. గొర్లు కాసుకునే ఇల్లు వాళ్లది. మొన్న చుట్టాలొస్తే మానికెడు బియ్యం బదులు తీసుకుపోయింది.

"అక్కా, గిగో నీ బియ్యం. నువ్వు సాపుగ కొల్సి ఇచ్చినవ్. నేను శిగ వోసి తెచ్చిన."

"మానిక తీస్కపోతే మానికే తేవాలె గని, నెత్తి మీద గీ కుప్పెందుకే?"

"బదులు తెచ్చింది శిగ వోసి ఇయ్యాలె అక్కా. లేకుంటే మా అత్త సచ్చి యాడున్నదో, ఆణ్ణుంచే తిడ్తది."

ఇద్దరూ నవ్వుకుంటున్నారు. యాకూబ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. మానిక అంచు దాకా ఉన్నవి ఒక లెక్క. అంచు మీద కుప్పగా ఉన్నవి ఇంకో లెక్క. పొద్దున పైపు టక్కుమనగానే ఆపారు. అది సాపు కొలత. సాయంత్రం ఊపి ఊపి పోశారు. అది శిగ. పట్టిన పదమూడు లీటర్లలో బండి తాగింది కొంతే. మిగతాది పొద్దున లేని జాగాలోకి పోయింది.

"నేను గెల్వలేదు అన్వరీ," అన్నాడు. "శిగ వోసిన."

సైదమ్మ వెళ్లాక అంతా విని, అన్వరీ బేగం మానికలోని బియ్యం డబ్బాలోకి ఒంపింది. "నువ్వు చెప్పకుంటే ఎవ్వరికన్న తెలుస్తదా?"

"తెల్వదు."

"అయితే పొద్దుగాల్నే పోయి చెప్పు," అంది, మానిక కడిగి బోర్లిస్తూ. "పదిమందికి తెల్సినంక చెప్తే అది మొగతనం కాదు."

పొద్దున మిల్లులో యాకూబ్ మాట విని పరశురాములు నెత్తి పట్టుకున్నాడు. "గెలిచినోనివి గెలిచినట్టు ఊకోరాదు? ఎవలన్న అడిగిండ్రా నిన్ను?"

"గెలిస్తే ఊకుందు సేటూ. అది గెలుపు కాదు. మల్ల పోదాం."

నరేష్ గొంతు తగ్గించాడు. "చిచ్చా, నేను నీ దిక్కే ఉన్న గని ఒక్క మాట. ఈపారి ఇరవై ఆరు వచ్చిందనుకో. తెరదే నిజమైతది. బిల్లుల పెట్రోలు ఏమైందని మల్ల నిన్నే అడుగుతరు."

"అడగనీ. తప్పు లెక్కతోని దొరికిన మంచి పేరు నాకొద్దు బిడ్డా. సరైన లెక్క పెట్టి, వచ్చేదేందో రానీ."

తూకం దగ్గర గుర్వయ్య ఈసారి బస్తా ఎత్తుకొని అవతలికి నడిచాడు.

భాగ్యలక్ష్మి మాత్రం ఎగిరి గంతేసింది. "నేను చెప్పలే? స్వామే మల్ల పిలుస్తుండు!" ఆమె సంతోషం చూసి పరశురాములు గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. "నరసింహస్వామి నన్నిడుస్తడు గని గీ యాకూబ్ ఇడ్వడు."

ట్యాంకులో శిగగా పోసిన పెట్రోలు కరిగేదాకా బండిని మూడు నాలుగు రోజులు తిప్పి, అప్పుడు బయలుదేరారు. అదే బంకు, అదే పైపు, బండి నిలబెట్టింది కూడా అదే జాగా. పోసే ఆమె పేరు అండాలు. "చెల్లె, టక్కుమనంగనే ఆపాలె. ఒక్క చుక్క ఎక్కువొద్దు" అని చెప్పి, యాకూబ్ రెండు చేతులూ వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. పోయేటప్పుడూ అలాగే, వచ్చాకా అలాగే. సాయంత్రం పైపులో పెట్రోలు పారుతుంటే, ఊపాలని చేతులు గుంజినట్టయి వేళ్లు బిగించుకున్నాడు. ఉంగరం రాయి అరచేతిలో గుచ్చుకుంది.

టక్.

పదకొండు లీటర్లు. నరేష్ ఒకటికి రెండుసార్లు లెక్క చూసి, ఫోను పరశురాములుకు చూపించాడు. ఇరవై రెండున్నర దాటింది, అంతే. నెలల బిల్లులు చెప్పిన అంకె, యాకూబ్ చేతి అంకె ఒకదాని పక్కన ఒకటి పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. తెర మీద మాత్రం యథాప్రకారం ఇరవై అయిదున్నర వెలుగుతోంది.

"ఆరు కాదు, మూడు ఎక్కువ చెప్తాంది" అన్నాడు నరేష్. "అంటే బిల్లులల్ల ఒక్క చుక్క గూడ పోలేదు. చిచ్చా, అడిగినందుకు..."

"అడగాలె. లెక్క రాసేటోడు అడగకపోతే జీతమెందుకు?"

పరశురాములు తెర వైపు చూసి ఉసూరుమన్నాడు. ఎన్ని ఫోటోలు పంపాడో పాపం. "అయితే గిది అబద్ధాల బండే అన్నట్టా భాయ్?"

"అబద్ధం కాదు సేటూ, మురిపెం" అన్నాడు యాకూబ్, బండి నెత్తి మీద చెయ్యేసి. "మన పోరగాండ్ల ముచ్చట మనం చెప్పుకున్నప్పుడు జర ఎక్కువ చెప్పుకోమా? దాని ముచ్చట అది చెప్పుకుంటది. ఇననీకె బాగుంటది. లెక్క మాత్రం మనం పెట్టుకోవాలె."

ఆ మాట కూడా ఊరంతా తిరిగింది. కానీ ఊరికి పనికొచ్చింది ఇంకొకటి. ఆ రోజు నుంచి మిల్లు బండ్లన్నిటికీ పరశురాములు ఒకటే కొలత పెట్టాడు: పైపు టక్కుమనగానే ఆపాలి, బండిని ఎవరూ ముట్టుకోవద్దు. అండాలుకు ఇదంతా ప్రతిసారీ చెప్పడం కష్టమై, ఒక పేరు పెట్టేసింది.

మొన్న సబా ఊరికొస్తూ స్కూటీ బంకులో ఆపింది. పెట్రోలు పోసే అమ్మాయి కొత్తది. సబా ఎవరో ఆమెకు తెలియదు.

"ఎంత పొయ్యాలె మేడం?"

"ఫుల్."

"ఉత్త ఫుల్లా, యాకూబ్ ఫుల్లా?"

సబా హెల్మెట్ తీసింది. "అంటే ఏంది?"

"ఉత్త ఫుల్ అంటే మీరు సాలనేదాక పోస్త. యాకూబ్ ఫుల్ అంటే టక్కుమంటే ఆపుడే. లెక్క పక్కాగ కావాలనేటోళ్లు అదే అడుగుతరు."

"యాకూబ్ అంటే ఎవరు?"

"ఏమో మేడం. కంపెనోళ్లు పెట్టిన పేరేమో."

సబా కళ్లలో నీళ్లు తిరిగినా తల మాత్రం వంచలేదు. వాళ్ల బాపు నిలబడినట్టే, చేతులు రెండూ వెనక్కి కట్టుకొని నిలబడింది.

"యాకూబ్ ఫుల్ పొయ్యి" అంది.